బ్లాకు టికెట్ సొమ్ము ఎవరి జేబులోకి?

నారాయణఖేడ్: ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ చూడాలంటే నారాయణఖేడ్ అభిమాని వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. పడమటి దిక్కు నుంచి నగరంలోకి ప్రవేశించి తూర్పు కొసన ఉన్న మైదానానికి చేరుకోవాలి. ఆన్‌లైన్‌లో టికెట్లు దొరక్కపోతే అంత దూరం వెళ్లినవారికి దళారే దిక్కవుతాడు. అతడు గుంజే అదనపు సొమ్ములో ఒక్క రూపాయి కూడా జట్టుకు చేరదు. గ్యాలరీ నిండుతుందన్న హామీ కూడా ఉండదు.

కొరతే పెట్టుబడి

భారత్-ఆస్ట్రేలియా టీ20 మ్యాచ్ 2022 సెప్టెంబరు 25న ఉప్పల్‌లో జరిగింది. దాదాపు మూడేళ్ల విరామం తర్వాత నగరానికి దక్కిన అంతర్జాతీయ పోటీ అది. సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో టికెట్ల విక్రయం చేపట్టగా వేలాది మంది తరలివచ్చారు. తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. టికెట్లు నల్లబజారుకు తరలాయన్న ఆరోపణలు అప్పట్లో వెల్లువెత్తాయి.

ఉప్పల్‌లో సీట్లు సుమారు 39 వేలు. వీటన్నింటినీ విక్రయానికి పెట్టరు. ఉచిత పాసులపై సన్‌రైజర్స్ యాజమాన్యానికి, హైదరాబాద్ క్రికెట్ సంఘానికి మధ్య 2025లో వివాదం రేగింది. సంఘానికి వెళ్లే వాటా పది శాతం, అంటే 3,900 పాసులని అప్పుడు వెల్లడైంది. అమ్మకానికి వచ్చే సీట్లు తగ్గిన కొద్దీ కొరత పెరుగుతుంది. దళారికి ఆ కొరతే పెట్టుబడి.

లెక్క ఇదీ..

ఐపీఎల్ టికెట్లపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 40 శాతానికి పెంచారు. ఉదాహరణకు పన్నుతో కలిపి రూ.1,500 ఉన్న టికెట్‌లో సుమారు రూ.1,071 నిర్వాహకులకు, రూ.429 ప్రభుత్వానికి వెళతాయి. అదే టికెట్ బ్లాకులో రూ.4,500 పలికితే మిగిలిన రూ.3,000 దళారి జేబులో పడుతుంది. దానిపై పన్ను లేదు, రసీదు లేదు. అభిమాని మూడింతలు చెల్లించినా జట్టు రాబడి మాత్రం పెరగదు.

అమ్ముడైనా ఖాళీయే

మూకుమ్మడిగా కొన్న టికెట్లన్నీ దళారి చేతిలో చెల్లిపోతాయన్న నమ్మకం లేదు. మిగిలిపోయిన టికెట్లు లెక్కల్లో అమ్ముడైనట్లే కనిపిస్తాయి, కుర్చీలు మాత్రం ఖాళీగా ఉంటాయి. టికెట్ డబ్బు ముందే అందినందున నిర్వాహకులకు అక్కడ నష్టం లేదు. కానీ ప్రేక్షకుడు రాకపోతే తినుబండారాలు, జెర్సీల అమ్మకం పడిపోతుంది.

అమెరికా బేస్‌బాల్‌లో ఈ సమస్య మరో రూపంలో ఎదురైంది. మేజర్ లీగ్ నిర్వాహకులు 2007లో స్టబ్‌హబ్ సంస్థతో ఒప్పందం చేసుకుని మారువిక్రయాన్ని అధికారికం చేశారు. రాలేని రోజు టికెట్ అమ్ముకోవచ్చన్న ధీమాతో సీజన్ టికెట్లు కొనడం సులువైంది. అయితే గిరాకీ లేని మ్యాచ్‌లకు ఆ టికెట్లే అసలు ధర కన్నా చౌకగా దొరకసాగాయి. దాంతో క్లబ్ అమ్మే టికెట్లకు గండి పడుతోందంటూ న్యూయార్క్ యాంకీస్ జట్టు 2012 చివర్లో ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ మాత్రం 2010 నుంచి గిరాకీని బట్టి తానే ధరలు మార్చే పద్ధతిని మైదానమంతటా అమలు చేసింది. దళారికి పోయే లాభం జట్టుకు దక్కినా సామాన్యుడికి భారం తప్పలేదు.

పట్టింపు ఎందుకు తక్కువ?

ఐపీఎల్ 2023-27 ప్రసార హక్కులు రూ.48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ఆదాయంలో సింహభాగం టీవీ, మొబైల్ తెరల నుంచే వస్తున్నప్పుడు గేటు వద్ద జరిగే దోపిడీని అరికట్టాలన్న తొందర నిర్వాహకులకు ఉండదు.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్లను అనుమతి లేకుండా అమ్మడాన్ని 1994 చట్టం నేరంగా పరిగణించింది. అక్కడి పలు క్లబ్బులు, రాలేనివారి టికెట్లను అసలు ధరకే ఇతరులకు బదలాయించే ఏర్పాటు చేశాయి. మన దేశంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్, ముఠాగా చేసే అనధికార టికెట్ విక్రయాన్ని చిన్నపాటి వ్యవస్థీకృత నేరాల్లో చేర్చింది. ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు.

కొనేముందు గమనించండి

ఫోన్‌లో పంపే టికెట్ నకలును ఎందరికైనా అమ్మే వీలుంది. కోడ్ ఒక్కటే కాబట్టి గేటు వద్ద ముందుగా చూపినవారికే ప్రవేశం లభిస్తుంది, తర్వాత వచ్చినవారు వెనుదిరగాల్సిందే. దూరం నుంచి వచ్చి ఆఖరి గంటలో చేరేవారికే ఈ ముప్పు ఎక్కువ. అధికారిక విక్రయ సంస్థ వద్ద టికెట్ ఖరారయ్యాకే ప్రయాణం పెట్టుకోవడం ఉత్తమం.