టార్చిలైట్లు: వాని వెలుతురు, వాని వెల

గడచిన వానకాలమున నొకనాటి రాత్రి, మన మండలములోని యొక పల్లెలో విద్యార్థి తండ్రిని చూచి, ప్రత్తిచేని గట్టువెంట తిరిగి వచ్చుచుంటిమి. మా చేతిలో క్రొత్తగా కొన్న టార్చిలైటు కలదు. దాని వెలుతురు కిలోమీటరు దూరము పోవునని పెట్టెమీద అచ్చువేసి యుండెను. మాకు తోడుగా వచ్చిన వృద్ధరైతుగారి చేతిలో పాతకాలపు రెండు సెల్లుల ఇత్తడి లైటు మాత్రమే యుండెను. మా దీపము దూరమున తాటిచెట్టు తలను చక్కగా చూపుచుండెను గాని, కాళ్లయొద్ద చీకటి చీకటిగనే యుండెను. ఇంతలో ఆ పెద్దాయన మా భుజము పట్టి వెనుకకు లాగి, "ఆగండి మాస్టారూ, కదలొద్దు" అనిరి. రెండడుగుల ముందర రక్తపింజరి చుట్టచుట్టుకొని యుండెను. మా నీలపు వెలుతురున నది యెండుటాకుల కుప్పవలె తోచెను. వారి పసుపువన్నె వెలుతురున దాని వీపుమీది గొలుసుమచ్చలు స్పష్టముగ కనబడెను.

ఆ రాత్రి మొదలు మేము టార్చిలైట్లను గూర్చి కొంత విచారించితిమి. తిరువూరు, గంపలగూడెము అంగళ్లలో దొరకు చౌకరకములు కొన్ని కొని, పాఠశాల ఆటస్థలమున చీకటిపడిన తరువాత పరీక్షించితిమి. తేలిన సంగతులు మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

ఇది యల్పవిషయమని యెవరును తలపరాదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన సంవత్సరమునకు సగటున 58,000 మంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన అంచనా వేసినది. అందు సగము మరణములు జూను మొదలు సెప్టెంబరు వఱకు గల మాసములలోనే సంభవించినవి. మరణములు మిక్కుటముగ గల ప్రాంతములలో మన తెలుగునేలయు నొకటి. మన ప్రాంతమున ప్రత్తిచేలు, మిరపచేలు, మామిడితోటలు విస్తారము. మోటారు వేయబోవువారును, తోటకు కావలి యుండువారును, కట్టలేరు పొంగిన దినములలో కరెంటు లేక చీకటిలో తిరుగువారును మన ఇండ్లలోనివారే గదా!

ఈ దీపము పుట్టుక కొంత వినోదకరమైనది. డేవిడ్ మిసెల్ అను నాతడు 1899లో అమెరికాలో దీనికి పేటెంటు పొందెను. కాన్రాడ్ హ్యూబర్టు నడపిన కంపెనీ దీనిని తయారుచేసి అమ్మెను. ఆ కాలపు సెల్లులు బలహీనములగుటచే దీపము ఎడతెగక వెలుగజాలక, మెఱసి యారుచుండెను. అందుచేతనే అచ్చట దానికి ఫ్లాష్‌లైటు, అనగా మెఱుపుదీపము, అను పేరు కలిగినది. మన దేశమున చాలకాలము ఎవరెడీ యను పేరే టార్చికి మాఱుపేరుగ నుండెను. తరువాత నెల్లూరు ప్రాంతమున తయారైన నిప్పో సెల్లులును ఇంటింట ప్రవేశించినవి.

నేడు సన్నని తీగ కాలి వెలుగు బల్బు దాదాపు పోయి, ఎల్.ఇ.డి. వచ్చినది. నీలికాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెలు బహుమానము లభించెను. ఆ నీలిదీపముమీద పసుపువన్నె ఫాస్ఫరు పూతపూసినచో రెండు రంగులును కలిసి కంటికి తెలుపుగ కనబడును. పూత తక్కువైన వెలుతురు నీలముగను, ఎక్కువైన పసుపుగను నుండును. నీలపురకమున అదే విద్యుత్తునకు కొంచెమధిక కాంతి వచ్చును గనుక చౌకదీపములలో నదియే ఎక్కువ. అంగడిలో చూచునపుడు మిక్కిలి తెల్లగ నున్నదని మనమును దానినే మెచ్చుకొందుము. కాని మట్టి, ఎండుటాకు, పాము, ఇవన్నియు గోధుమవన్నెవి. ఆ రంగులలోని భేదము నీలపు వెలుతురున సరిగ తెలియదు.

వెలుతురునకు రెండు కొలతలు కలవు. దీపమునుండి వెలువడు మొత్తము కాంతిని ల్యూమెనులలో కొలుతురు. ఒక దిక్కున నది యెంత తీక్ష్ణముగ నున్నదో తెలుపునది క్యాండెలా. తోటకు నీరు పట్టునపుడు గొట్టము మూతిని బొటనవ్రేలితో నొక్కినచో, అదే నీరు దూరముగ చిమ్మును గాని దగ్గఱి పాదులు తడియవు. టార్చిలైటు గతియు నంతే. మా దీపము మూతిని ముందునకు లాగినచో వెలుతురు గోడమీద చిన్న చదరపు బిళ్లవలె పడెను. చుట్టును గాఢాంధకారము. రైతుగారి లైటున నడుమ ప్రకాశవంతమైన చుక్కయు, దానిచుట్టు మెల్లగ తగ్గుచు వ్యాపించు పలుచని వెలుతురును గలవు. నడచువానిని కాపాడునది ఆ పలుచని వెలుతురే.

ఇక పెట్టెలమీది వ్రాతలు. ఒకదానిపై 10,000 ల్యూమెనులని యుండెను. మా యెనిమిదవ తరగతి పిల్లలచేత లెక్క వేయించితిమి. మంచి ఎల్.ఇ.డి. ఒక వాట్టునకు సుమారు 100 ల్యూమెనులిచ్చుననుకొన్నచో, 10,000కు 100 వాట్లు కావలెను. దీపములోని 18650 అను లిథియము సెల్లు (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు గలది) 3.7 వోల్టులు, 2,000 మిల్లీయాంపియర్-గంటలు గలదైనచో 7.4 వాట్-గంటల శక్తి పట్టును. అంత దీపము నాలుగున్నర నిమిషములలో ఆరిపోవలెను, అంతలోపల పట్టుకొన్నవాని చేయి కాలవలెను! అట్టి సెల్లులపై 9,900 అని అచ్చువేసి యమ్మువారును గలరు. పేరుగల కంపెనీల సెల్లులు సైతము 3,500 చుట్టుపట్లనే యుండును.

దూరముమాట తేల్చుటకు నూనెమరక పరీక్షను చేసితిమి. జర్మను శాస్త్రజ్ఞుడు బున్సెన్ పేర ప్రసిద్ధమైన యీ పద్ధతికి తెల్లకాగితము, ఒక చుక్క నూనె, ఒక మైనపువత్తి చాలును. కాగితమునకు ఒక ప్రక్క వత్తిని, రెండవప్రక్క టార్చిని నుంచి, మరక కనబడకుండ పోవువఱకు టార్చిని వెనుకకు జరుపవలెను. రెండు వెలుతురుల రంగు వేఱగుటచే మరక పూర్తిగ మాయము కాదు, కనీకనబడనట్లైన చాలును. వత్తి ఒక అడుగు దూరమున నుండగా మా దీపము 60 అడుగుల దూరమునకు పోయినది. కాంతి దూరపు వర్గమును బట్టి తగ్గును గనుక 60 × 60, అనగా 3,600 వత్తులతో సమానము. ఒక వత్తి సుమారొక క్యాండెలా. 2009లో అమెరికాలో ఏర్పడిన ప్రమాణము ప్రకారము వెలుతురు నిండుపున్నమి వెన్నెలంతకు తగ్గుచోటే దీపపు దూరము. క్యాండెలాల వర్గమూలమును రెండింతలు చేసినచో ఆ దూరము మీటర్లలో వచ్చును. 3,600కు వర్గమూలము 60. దూరము 120 మీటర్లు. కిలోమీటరు పోవుటకు 2,50,000 క్యాండెలాలు కావలెను. దూరము రెట్టింపు కావలెనన్న తీక్ష్ణత నాలుగింతలు కావలెను గదా. మామిడితోటలో అడవిపందులను చూడదలచినవారికి 120 మీటర్లును తక్కువ కాదని యొప్పుకొనవలెను.

కరెంటు ప్లగ్గులో నేరుగా గుచ్చు ప్లాస్టికు లైట్లు మన అంగళ్లలో విస్తారముగ నున్నవి. చాలవానిలో చిన్న సీసపు బ్యాటరీ యుండును. దానిని చార్జి లేకుండ నెలలకొలది మూలను పడవేసినచో లోపలి పలకలు చెడి, మరల బ్రతుకదు. వాడకమున్న ఇంట పనికివచ్చును, అంతే. ఫోను వెలుతురు విశాలమే గాని దూరము పోదు. వానలో తడియును, 108కి ఫోను చేయవలసిన సమయమునకు బ్యాటరీ యుండకపోవచ్చును. పెన్సిలు సెల్లు లొకటి రెండు పట్టు చిన్న లోహపు టార్చి, జేబులో నిముడునది, మాకన్నిటికంటె నచ్చినది. దాని వెలుతురు ఏబది ల్యూమెనులకు మించకపోయినను నడకకు చాలును. ఏ పల్లెటూరి అంగడిలోనైనను సెల్లు దొరకును; మరల చార్జి చేయదగిన నికెలు సెల్లులు వేసినచో వందలమారులు వాడవచ్చును. మామూలు సెల్లులను మాత్రము వాడనప్పుడు తీసివేయవలెను. లేనియెడల అవి కారి, లోపలి స్ప్రింగు తుప్పుపట్టును.

మఱియొక సంగతి. మామూలు సెల్లుల లైటు మెల్లమెల్లగ మసకబారి, మార్చవలెనని ముందుగనే చెప్పును. కొన్ని లిథియము దీపములు చివరివఱకు ఒక్కరీతిగ వెలిగి, హఠాత్తుగ ఆరిపోవును. అట్టిదానిని కొన్నవారు ఇంటనే వెలిగించియుంచి, ఎంతసేపు నిలుచునో గడియారము పెట్టి చూచుకొనుట మంచిది. నీటిమాట చూడవలసినవారు పెట్టెమీద ఐ.పి.ఎక్స్.4 అని యున్న జల్లునకును, 7 అని యున్న మీటరు లోతు నీటిలో అరగంట మునుగుటకును తాళునని గ్రహింపవలెను. పెట్టెలమీది ల్యూమెనుల వ్రాతవలెనే ఈ వ్రాతయు నిజమేనా యని బకెట్టునీట ముంచి చూచితిమి. ఒకటి చచ్చినది.

పరీక్షలు ముగిసిన పిమ్మట ఆ చిన్న టార్చి నొకదానిని, కొంచెము పసుపువన్నె వెలుతురుదానిని ఏరి, ఆ రైతుగారికి పట్టుకొనిపోయి యిచ్చితిమి. వారు దానిని అరచేతిలో త్రిప్పి చూచి, గట్టువెంట నొకమారు వెలిగించి, "బాగుంది మాస్టారూ, జేబులో పెట్టుకుంటాను" అనిరి. ఇత్తడి లైటును మాత్రము చూరున దాని మేకునకే మరల తగిలించిరి.