నానోట్యూబులొస్తే సముద్రపు నీరు చవకవుతుందా? అపోహలు – వాస్తవాలు

కార్బన్ నానోట్యూబులతో, అంటే అతి సన్నని కార్బన్ గొట్టాలతో చేసిన మెంబ్రేన్ (వడపోత పొర) వస్తే సముద్రపు నీరు దాదాపు ఖర్చు లేకుండా మంచినీరైపోతుందన్న మాట ఇరవై ఏళ్లుగా వార్తల్లో నలుగుతోంది. దానికి ఆధారం లేకపోలేదు. ఈ గొట్టాల లోపలి గోడ నీటిని ఇష్టపడదు. అయినా నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరుసకట్టి అందులోకి దూరిపోతాయని 2001లో శాస్త్రవేత్త హమ్మర్ బృందం కంప్యూటర్ లెక్కలతో చూపింది. 2006లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల రెండు నానోమీటర్ల కన్నా సన్నని గొట్టాలు పేర్చిన పొరలోంచి నీటిని పంపితే, ద్రవ ప్రవాహపు పాత సూత్రాలు చెప్పిన దానికి వెయ్యి రెట్లకు పైగా వేగంతో అది పారింది. గోడ అంత నున్నన, నీటికి పట్టు దొరకదు. ఈ వేగం నిజమే. ఆ వేగాన్ని చూసి కరెంటు బిల్లును ఊహించుకోవడమే అసలు అపోహ.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాని ద్రవాభిసరణ పీడనం 27 బార్ల దాకా ఉంటుంది కనుక, అంతకు మించి ఒత్తితే తప్ప మంచినీరు ఇవతలికి రాదు. తోడిన నీటిలో సగాన్ని మంచినీరుగా తీస్తే మిగిలిన సగం రెట్టింపు ఉప్పనవుతుంది, పీడనం 50 బార్లు దాటాల్సిందే. ఈ పనికి ప్రకృతి విధించిన కనీస ఖర్చు వెయ్యి లీటర్లకు సుమారు ఒక యూనిట్ కరెంటు అని పరిశోధకులు ఎలిమెలెక్, ఫిలిప్ 2011లో సైన్స్ పత్రికలో వివరించారు. ఏ మెంబ్రేనూ దీన్ని తగ్గించలేదు. బండి చక్రానికి ఎంత కందెన పూసినా ఎక్కాల్సిన కొండ ఎత్తు తగ్గదు కదా! నేటి మంచి ప్లాంట్లు మొత్తం మీద మూడు నాలుగు యూనిట్లు వాడుతున్నాయి. అందులో మెంబ్రేన్ దగ్గర పడే ఖర్చు రెండు యూనిట్ల ప్రాంతంలోనే ఉంటుంది. మిగతాదంతా నీటిని తోడడానికి, ముందుగా వడకట్టడానికి, ఊళ్లకు పంపడానికి పోతుంది. అందుకే మెంబ్రేన్ మూడు రెట్లు చురుగ్గా నీటిని వదిలినా సముద్రపు నీటి ప్లాంటులో ఆదా అయ్యే శక్తి 15 శాతమేనని 2014లో ఎంఐటీ పరిశోధకులు లెక్కతేల్చారు.

కరెంటు పెద్దగా ఆదా కాకపోతేనేం, తక్కువ మెంబ్రేన్లతో చిన్న ప్లాంటు కట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మెంబ్రేన్ చుట్టలు ఉంచే పీడన గొట్టాలు 44 శాతం తక్కువైనా పని జరగవచ్చని అదే అధ్యయనం కూడా చెప్పింది. అయితే నీరు త్వరగా ఇవతలికి వచ్చేకొద్దీ వెనక వదిలిన ఉప్పు మెంబ్రేన్ ముఖాన పేరుకుంటుంది, పాచి, మురికి కూడా తొందరగా పడతాయి. కాబట్టి వేగం పెంచుకుంటూ పోవడానికీ ఒక హద్దుంది. ఉప్పు తక్కువున్న బోరు నీటి సంగతి వేరు. అక్కడ ఎదురు పీడనం స్వల్పం కాబట్టి, మూడు రెట్ల చురుకుతో 46 శాతం దాకా శక్తి ఆదా కావచ్చన్నది ఆ లెక్కే. ఫ్లోరైడ్ నీటితో వేగుతూ ఆర్వో ప్లాంట్ల మీద ఆధారపడ్డ నల్గొండ, ప్రకాశం జిల్లాల ఊళ్లకు సముద్రం కబుర్ల కన్నా ఇదే ముఖ్యం.

నీరు అంత సులువుగా పోయే గొట్టం ఉప్పును తప్పకుండా ఆపుతుందనుకోవడం ఇంకో పొరపాటు. నీటి అణువులను చుట్టూ కప్పుకున్న సోడియం అయాను వెడల్పు సుమారు 0.7 నానోమీటర్లు. రెండు నానోమీటర్ల గొట్టంలోంచి అది హాయిగా వెళ్లిపోతుంది. గొట్టం మూతి దగ్గర విద్యుదావేశం పెట్టి అయాన్లను వెనక్కి నెట్టవచ్చని లివర్‌మోర్ వాళ్లే 2008లో చూపారు గానీ, సముద్రమంత ఉప్పున్న నీటిలో ఆ ఆవేశపు ప్రభావం పలుచబడిపోతుంది. 0.8 నానోమీటర్ల గొట్టాలు, మన కణాల్లో నీటిదారులైన ఆక్వాపోరిన్ల కన్నా ఆరు రెట్లు చురుకైనవని 2017లో తేలింది. కానీ ఆ ప్రయోగం జరిగింది సూక్ష్మమైన కొవ్వు బుడగల మీద. ప్లాంటులో వాడే మీటరు పొడవు, ఎనిమిది అంగుళాల లావు ఆర్వో చుట్ట విప్పితే సుమారు 37 చదరపు మీటర్ల మెంబ్రేన్ ఉంటుంది. అంత విస్తీర్ణంలో కోటానుకోట్ల గొట్టాలన్నీ ఒకే కొలతలో రావాలి. కొన్ని వెడల్పుగా వచ్చినా ఉప్పు వాటిలోంచే కారిపోతుంది. నేటి పాలీఅమైడ్ మెంబ్రేన్ 99 శాతానికి పైగా ఉప్పును ఆపుతోందని మరవకూడదు.

ఇంటి ఫిల్టరులో ఉన్న కార్బన్ కూడా నానోట్యూబులే అనుకోవడం మరో అపోహ, అది యాక్టివేటెడ్ కార్బన్. ఇక నానోట్యూబులన్నీ క్యాన్సర్ కారకాలన్న భయమూ సరికాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్నదిగా వర్గీకరించింది ఎమ్‌డబ్ల్యూసీఎన్‌టీ-7 అనే ఒక్క రకాన్నే. తక్కిన వాటిపై తీర్పు చెప్పడానికి ఆధారాలు చాలవంది. అంటే అవి నిరపాయమని కాదు. మెంబ్రేన్ నుంచి నీటిలోకి ఏమైనా ఊడివస్తోందా అన్న పరీక్ష తప్పనిసరి.

ఈ పరిశోధన వృథా అని నేను అనను. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అమెరికా సహచరులతో కలిసి 2004లోనే నానోట్యూబుల వడపోత గొట్టంతో నీటిలోని ఈ.కోలై బ్యాక్టీరియాను, పోలియో వైరస్‌ను తొలగించారు. శుభ్రం చేసి మళ్లీ వాడుకోగల వడపోత అది. పాలీఅమైడ్‌కు క్లోరిన్ పడదు. దానిలో నానోట్యూబులు కలిపితే క్లోరిన్‌నూ పాచినీ తట్టుకునే శక్తి పెరుగుతుందని జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయంలో ఎండో బృందం చూపింది. నా దృష్టిలో అసలు ఆశ ఇక్కడే ఉంది. రేపు ఎవరైనా నానోట్యూబు నీటి యంత్రం గురించి గొప్పగా చెబితే, నీరు ఎంత వేగంగా వస్తుందని కాకుండా, ఉప్పు ఎంత ఆగుతోంది, ఎన్ని నెలలు ఆగుతోంది అని అడగండి.