వంటింట్లో జర్మన్ పాఠం

"ఇష్ బిన్ ఇన్ డేర్ కూఖెన్" అన్నాను, కాస్త గర్వంగానే. నేను వంటింట్లో ఉన్నాను అని దాని అర్థం... అని నేననుకున్నాను. ఫోన్లోంచి పకపకా నవ్వు వినిపించింది.

"అత్తా! నువ్వు వంటింట్లో లేవు, కేకులో ఉన్నావు!"

వంటిల్లు 'క్యూషె' అట, కేకు 'కూఖెన్' అట. ఆ మొదటి అక్షరానికి పెదవులు 'ఊ' అన్నట్టు సున్నాలా చుట్టి, లోపల మాత్రం 'ఈ' అనాలి. ఒకసారి ప్రయత్నించి చూడండి, పక్కన ఎవరూ లేనప్పుడు! మన యాభైయారు అక్షరాల్లో దీనికి సరిపడేది ఒక్కటీ లేదు. పప్పు తిరగమోత వేస్తూ నేనా సాధన చేస్తుంటే మా అత్తగారు వచ్చి, "ఏటే అమ్మా, పన్ను నొప్పేటి?" అని అడిగారు.

ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, చోడవరంలో, కథలు రాసుకుంటూ ఇల్లు చూసుకునే దాన్ని. నాకీ జర్మన్ గొడవ ఎందుకొచ్చిందో చెప్పాలి కదా.

మా ఆడపడుచు కూతురు బీఎస్సీ నర్సింగ్ చదివి విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. వాళ్ళది మాడుగుల దాటాక కొండ పక్క ఊరు. అక్కడ ఫోను మాట్లాడాలంటే ఒక చెట్టు కింద నిలబడాలి. జీతం హాస్టలుకీ బస్సులకీ సరి. జర్మనీలో నర్సులకి కొరత ఉందనీ, భాష వస్తే తీసుకుంటారనీ తోటి నర్సు చెప్పిందిట. 2023లో వినాయక చవితి వెళ్ళిన వారానికి ఆన్‌లైన్ క్లాసులో చేరింది. వారానికి మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి పాఠాలు వినేది. మా ఊరు 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని మా నోళ్ళలో ఇంకా విశాఖ జిల్లానే. ఏ జిల్లా అయితేనేం, మా వంటింటి కిటికీ దగ్గర సిగ్నల్ నాలుగు గీతలూ నిండుగా వస్తుంది. ఆ కిటికీ వల్లే నాకూ జర్మన్ అంటుకుంది.

ఫీజు కట్టించుకున్న క్లాసు గురించి ముందే చెప్పేస్తాను. పేరెందుకు గాని, తెర మీద అరవైమంది దాకా ఉండేవారు. అందరి మైకులూ మూసేసి మాష్టారొక్కరే మాట్లాడేవారు. గంటన్నర క్లాసులో మా పిల్ల నోరు విప్పింది ఒక్కసారి, అదీ హాజరు చెప్పడానికి. ఎవరైనా ఇలాంటి క్లాసులో చేరబోతుంటే నేను అడగమనేది ఒక్కటే: "గంటలో మా అమ్మాయి ఎన్ని నిమిషాలు మాట్లాడుతుంది?" దానికి సరైన జవాబు చెప్పలేని చోట డబ్బు కట్టకండి.

ఇంకో బాధ కూడా ఉంది. ఆ చెప్పేదంతా ఇంగ్లీషులోంచి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. అంటే జర్మన్ గోడ ఎక్కాలంటే ముందు ఇంగ్లీషు గోడ ఎక్కి దూకాలి. మాష్టారు 'ఎందుకంటే' అనే మాట వచ్చినప్పుడు క్రియ వాక్యం చివరికి పోతుందనీ, అది చాలా వింత అనీ, బట్టీ పట్టమనీ చెప్పారు. పిల్ల రెండు రోజులు తల పట్టుకుంది. చివరికి నేను ఆ వాక్యాన్ని మాటకి మాట తెలుగులో పెట్టి చూశాను. 'ఎందుకంటే నేను ఈరోజు జబ్బుగా ఉన్నాను.' ఉన్నాను అనేది ఎక్కడుంది? చివరే! మనం పుట్టినప్పట్నుంచీ మాట్లాడేది అలాగే. వింత ఇంగ్లీషు వాళ్ళకి గాని మనకి కాదు.

అప్పట్నుంచి నాకు సరదా పుట్టుకొచ్చింది. మన 'నువ్వు', 'మీరు' అక్కడ 'డూ', 'జీ'. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. అందుకే ఒక అనువాదం యాప్‌లో "మీకు నొప్పిగా ఉందా?" అని తెలుగులో కొడితే, జర్మన్‌లోకి 'నువ్వు' అని వచ్చింది. ఇంగ్లీషు దారిలోంచి వెళ్ళి మధ్యలో మర్యాద పారేసుకున్నట్టుంది! ఎనభయ్యేళ్ళ రోగిని పట్టుకుని నర్సు 'నీకు నొప్పా' అంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఇంకోటి వినండి. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంది: డేర్, డీ, డాస్. చంద్రుడు పురుషుడే గాని సూర్యుడు స్త్రీ. 'ఆడపిల్ల' అనే మాట మాత్రం నపుంసకం... డాస్ మేడ్‌షెన్! అదేం అన్యాయం అని నేను విరుచుకుపడబోయి ఆగిపోయాను. మనం మాత్రం ఏమంటున్నాం? 'అతను వచ్చాడు', 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది'. ఇది చెబితే మావారు పేపరు మడిచి, "ఈ వ్యాసం రాస్తావు గామోసు" అన్నారు. రాస్తున్నాను చూశారా.

ఏకవింశతి

అంకెల దగ్గర మాత్రం సరదా కాదు, భయం వేసింది. జర్మన్‌లో ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అంటారు. యాభై నాలుగు 'నాలుగూ యాభై'. వినగానే నాలుగు వేసి పక్కన అయిదు వేస్తే నలభై అయిదైపోతుంది. మార్కు పోతే పోయింది, రేపు వార్డులో డాక్టరు ఫోన్లో మందు మోతాదు చెబితే? పిల్ల వినే పరీక్షల్లో మాటిమాటికీ అక్కడే తప్పేది.

దీన్ని తేల్చింది మా అత్తగారు. నాలుగో తరగతితో చదువాపేసిన మనిషి. మేం కొట్టుకుంటుంటే విని, "వినాయకుడికి పత్రి ఎన్నేటి? ఏకవింశతి. ఏక అంటే ఒకటి, వింశతి అంటే ఇరవై. ఒకటీ ఇరవై. దీనికింత గోలేటి?" అన్నారు. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉన్న ఊళ్ళో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను, ఏకవింశతి పత్రపూజ ఏటేటా చేస్తున్నాను, ఒక్కనాడూ అటు చూడలేదు నేను! ఆ తర్వాత మాచీపత్రం మొదలుకుని ఆకులు లెక్కపెడుతూ జర్మన్ అంకెలు చదివింది పిల్ల. చెవికి పట్టింది.

డబ్బు పెట్టిన క్లాసు కన్నా ఊరికే దొరికినవి ఎక్కువ పనికొచ్చాయి. జర్మనీ వాళ్ళ డాయిష్ వెల్లె అని ఒక ప్రసార సంస్థ ఉంది. 1953లో రేడియోగా మొదలైంది. వాళ్ళు నెట్‌లో 'నికోస్ వేగ్' అని సీరియల్‌లాంటి పాఠాలు ఉచితంగా పెట్టారు. ఏ1 నుంచి బి1 దాకా ఉన్నాయి. నికో అనే కుర్రాడు స్పెయిన్ నుంచి వచ్చి జర్మనీలో దిగగానే సంచీ పోగొట్టుకుంటాడు. అక్కడున్న బంధువు ఒకావిణ్ణి వెతుక్కుంటాడు. ఆవిడ 'టాన్టె'. పిన్నో అత్తో పెద్దమ్మో తెలీదు, వాళ్ళకి అన్నిటికీ అదొక్కటే మాట! మా అత్తగారికి భాష రాకపోయినా కథ పట్టుకుంది. "ఆ గుంటడి సంచీ దొరికిందేటి?" అని రోజూ అడిగేవారు. పిల్ల జవాబు చెప్పాలి కదా, అందుకోసమైనా శ్రద్ధగా వినేది.

కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయంలో, ఎన్‌పీటెల్‌లో ఐఐటీల పాఠాలున్నాయి. మద్రాసు ఐఐటీ వాళ్ళ జర్మన్ కూడా ఉంది. అవి ఇంగ్లీషులోనే గాని ఆపి, వెనక్కి తిప్పి వినొచ్చు. యూట్యూబులో జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్ళు కొందరు మన భాషలోనే వ్యాకరణం చెబుతున్నారు. డ్యులింగో సంగతి మీకు తెలిసే ఉంటుంది. దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకరైన లూయిస్ వాన్ ఆన్‌ది గ్వాటెమాలా అనే చిన్న దేశం. అక్కడ బీదవాళ్ళకి ఇంగ్లీషు నేర్చుకోవడం ఎంత ఖరీదో చూసి, ఊరికే నేర్పించాలనుకున్నాడట. 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. తెలుగులోంచి ఇంగ్లీషు నేర్చుకునే కోర్సు కూడా పెట్టారు. మాటలు పోగేసుకోవడానికి మంచిదే. అయితే అందులో రోజు తప్పకుండా ఆడుతున్నామన్న లెక్కే చదువు అనుకునే ప్రమాదం ఉంది. మా పిల్ల నూరు రోజులు తప్పకుండా ఆడింది. నూట ఒకటో రోజున "నీ గురించి చెప్పు" అని జర్మన్‌లో అడిగితే పేరు చెప్పి ఆగిపోయింది.

అసలు దెబ్బ

ఏ1, ఏ2 గట్టెక్కాయి. బి1 దగ్గర తగిలింది. మొత్తం ఆరు మెట్లు: ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 అడుగుతారు. గోథె ఇన్‌స్టిట్యూట్ బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కోదానికి నూటికి అరవై రావాలి. మా పిల్లకి మూడు వచ్చాయి, నాలుగోది పోయింది. మాట్లాడడం!

ఆ రాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ భాగంలో ఇద్దరు అభ్యర్థులు కలిసి ఒక పని గురించి మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. ఎదుటివాళ్ళు మాట్లాడింది విని, కాదనో అవుననో అని, ఇంకోటి సూచించాలి. "అత్తా, తను అడుగుతుంటే నాకన్నీ తెలుసు. గొంతులోంచి రాలేదు" అంది. ఏడాదికి పైగా చదివిందంతా తెరతో. తెర మధ్యలో అడ్డు రాదు, మొహం చిట్లించదు, 'అలా కాదేమో' అనదు. ఫోన్లో కృత్రిమ మేధతో కూడా రాత్రిళ్ళు మాట్లాడేది. అదేమో ప్రతి వాక్యానికీ బాగుందని మెచ్చుకునేది. కోడలు వండిన మొదటి వంటని మెచ్చుకున్నట్టు!

వాళ్ళ నాన్న అప్పటికే ఒక సంబంధం చూసి ఉంచారు. "డబ్బు పోయింది, ఏడాదిన్నర పోయింది. ఇంకొక్కసారి, అంతే. అప్పటికీ కాకపోతే ముహూర్తం పెట్టేస్తాను" అన్నారు. ఆయన చెడ్డవారని కాదు. కింద ఇంకో పిల్ల ఉంది. నాకూ ఏం చెప్పాలో తెలీలేదు.

ఒక సుఖం ఏమిటంటే, పోయిన భాగం ఒక్కటే మళ్ళీ రాయొచ్చు. మూడు నెలలు గడువు పెట్టుకుంది. రాత్రి తొమ్మిదిన్నరకి, అంట్లు తోమి వంటిల్లు కడిగాక, వాట్సాప్‌లో వీడియో కాల్. అటు విశాఖ హాస్టల్లో మా పిల్ల, నర్సీపట్నం నుంచి ఒకమ్మాయి, పాలకొండ నుంచి ఒకమ్మాయి, ఇటు వంటింట్లో నేను. ఆ ముగ్గురూ నర్సులే. నేను ఉట్టి కేకుని! నా పని వాళ్ళకి అడ్డు తగలడం. "ఆసుపత్రిలో ఉన్న స్నేహితురాల్ని చూడ్డానికి వెళ్దాం" అంటే, "ఆదివారం నాకు కుదరదు" అనడం. "పువ్వులు తీసుకెళ్దాం" అంటే, "మాడుగుల హల్వా తీసుకెళ్దాం, కానీ ఆవిడకి షుగరు" అనడం. తప్పుల్తడకల జర్మన్‌లోనే. నైట్ డ్యూటీ ఉన్న రోజున డ్యూటీకి ముందు రెండేసి నిమిషాల మాట రికార్డు చేసి పంపేది. నేను వినేదాన్ని, వాళ్ళూ వినేవారు. తన గొంతు తనే మళ్ళీ విని, "ఇంత మెల్లిగా మాట్లాడుతున్నానా?" అని తనే కనిపెట్టింది. వర్షాలకి కరెంటు పోయిన రోజుల్లో డాబా మీద కొవ్వొత్తి పెట్టుకుని కూచున్నాను. పక్కింటావిడ మావారిని అడిగిందట, మీ ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా అని.

ఈ వెతుకులాటలోనే ఇంకో సంగతి తెలిసింది. నర్సులకి జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాల్ని మన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో టామ్‌కామ్ ప్రకటిస్తూ వచ్చాయి. జర్మనీ ప్రభుత్వ సంస్థలు 2013లో మొదలుపెట్టిన 'ట్రిపుల్ విన్' పథకంలో భాషా శిక్షణకి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోరు. అందుకని, లక్షలు కడితే భాష అక్కర్లేకుండానే పంపిస్తాం అనే ఏజెంటు తగిలితే, విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని పేరు ఉందో లేదో ముందు చూడండి. మా ఆడపడుచు ఇంటికి అలాంటివాడొకడు వచ్చి వెళ్ళాడు. మావారు ఆ సైట్ తెరిచి పేరు చెప్పమన్నారు. మళ్ళీ వస్తానన్నాడు, రాలేదు.

2025 వేసవిలో ఆ ఒక్క భాగం మళ్ళీ రాసింది. పరీక్షకి వెళ్ళేముందు గుడి దగ్గర్నుంచి ఫోన్ చేసింది గాని ఏమీ మాట్లాడలేదు. నేనే "ఆదివారం నాకు కుదరదు" అన్నాను జర్మన్‌లో. నవ్వింది.

ఫలితం నెట్‌లో వచ్చినప్పుడు డ్యూటీలో ఉంది. నన్నే చూడమని పాస్‌వర్డ్ పంపింది. డెబ్భై ఒకటి! మా అత్తగారికి చెబితే, "డెబ్భై ఒకటంటే ఆళ్ళ లెక్కలో పదిహేడా?" అని కంగారుపడ్డారు.

ఇప్పుడు బి2 చదువుతోంది. అందులో రోగితో, డాక్టరుతో మాట్లాడే మాటలు ఎక్కువ సాధన చేస్తోంది. గ్లవ్స్‌ని వాళ్ళు 'చేతి చెప్పులు' అంటారట. ఆ సంబంధం వాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. అబ్బాయి కూడా వెళ్ళడానికి సిద్ధమేనట. "అయితే ముందు ఏ1 పాసవ్వమను అత్తా" అంది మా పిల్ల. వాళ్ళ నాన్న ఆ మాట అటు చేరవేశారో లేదో నాకింకా తెలీదు. తొమ్మిదిన్నర కాల్‌లో మాత్రం ఇప్పుడు అయిదుగురమయ్యాం. పాడేరు నుంచి ఇంకో నర్సు చేరింది. ఆ అమ్మాయికీ 'క్యూషె' రావడం లేదు.