కాబూల్‌లో కెమెరా బడి: గురువులు వెళ్ళారు, శిష్యులు మిగిలారు

యుద్ధం జరిగే దేశానికి విదేశీ ఛాయాగ్రాహకులు వెళ్ళడం, నాలుగు వారాలు తిరిగి ఫోటోలు తీసుకుని రావడం పత్రికా ప్రపంచంలో చిరకాలంగా సాగుతున్నదే. కాని వెళ్ళినవారు అక్కడే నిలిచి, స్థానిక యువతీ యువకుల చేతికి కెమెరా ఇచ్చి, తమ పనిని వారికే అప్పగించి రావడం అరుదు. 2001 చివరలో తాలిబాన్ ప్రభుత్వం కూలిపోయిన అనంతరం కాబూల్‌లో అటువంటి ప్రయత్నం జరిగింది. దాని ఫలితం ఎంతటిదో, అందుకు చెల్లించవలసి వచ్చిన మూల్యం ఎంతటిదో ఇరవై ఏళ్ళ తర్వాత గాని పూర్తిగా తేటపడలేదు.

ఈ పనికి పూనుకున్నవారు రెజా దెగాతి. ప్రపంచానికి ఆయన రెజా అన్న ఒక్క పేరుతోనే పరిచితులు. ఇరాన్‌లోని తబ్రీజ్‌లో 1952లో జన్మించి, 1981లో స్వదేశం విడిచి పారిస్‌లో స్థిరపడిన ఆయన 'నేషనల్ జాగ్రఫిక్' పత్రికలో ప్రచురితమైన ఫోటోల ద్వారా ఖ్యాతి గడించారు. సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ఉన్న రోజుల నుంచే ఆ దేశంతో ఆయనకు సంబంధం ఉంది. 2001లో ఆయన 'ఆయినా' అనే స్వచ్ఛంద సంస్థను నెలకొల్పారు. ఆ పేరుకు అర్థం అద్దం. హైదరాబాదు ఉర్దూలోనూ అదే మాట. 2002లో సంస్థ తరఫున కాబూల్‌లో ఫోటో జర్నలిజం శిక్షణను ఆయన సోదరుడు మనోచెహర్ దెగాతి ప్రారంభించారు. ఎ.ఎఫ్.పి. వార్తా సంస్థలో పనిచేస్తూ 1996లో రమల్లాలో తూటా తగిలి తీవ్రంగా గాయపడినవారాయన. వార్తా ఛాయాగ్రాహకుడికి ఎదురయ్యే ప్రమాదమేమిటో విద్యార్థులకు చెప్పడానికి ఆయనకు పుస్తకం అవసరం లేదు.

అన్నదమ్ములిద్దరికీ పారశీకం వచ్చు. కాబూల్‌లో మాట్లాడే దరీ దాని రూపాంతరమే. దుభాషి సహాయం లేకుండా పాఠం చెప్పగలగడం చిన్న సౌలభ్యం కాదు. అన్ని దేశాలకూ వెళ్ళే శిక్షకులకు ఆ అదృష్టం ఉండదు.

విద్యార్థులు వచ్చిన పరిస్థితిని కూడా గమనించాలి. 1996 నుంచి 2001 వరకు సాగిన తాలిబాన్ పాలనలో ప్రాణమున్న దేనినీ ఫోటో తీయరాదన్న నిషేధం అమలులో ఉండేది. ఒక తరం యువతీ యువకులు వార్తా ఛాయాచిత్రమంటే ఏమిటో సరిగా చూడకుండానే పెరిగారు. అటువంటివారికి వెలుతురు, దూరం, వేగం వంటి సాంకేతిక విషయాలు నేర్పడం ఒక పని. కళ్ళెదుట జరిగినదాన్ని జరిగినట్లే తీయాలి, మనుషులను నిలబెట్టి సన్నివేశం కల్పించరాదు అన్న వృత్తి నియమాన్ని అలవాటు చేయడం మరొక పని. అంతర్జాతీయ వార్తా సంస్థకు చేరే ప్రతి ఫోటోకూ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేస్తున్నారు అన్న వివరంతో ఆంగ్లంలో వ్యాఖ్య ఉండాలి. ఫోటో బాగుండి వ్యాఖ్యలో పేరు తప్పయితే ఆ ఫోటో పనికిరాదు. డెస్క్‌లో కూర్చున్నవారికి ఈ సంగతి బాగా తెలుసు.

ఆ శిక్షణ పొందినవారిలో ఫర్జానా వహీదీ ఒకరు. తాలిబాన్ల కాలంలో ఆమె రహస్యంగా నడిచే పాఠశాలలో చదువుకున్నారు. పదమూడేళ్ళ వయసులో బురఖా ధరించలేదన్న కారణంగా వీధిలో దెబ్బలు తిన్నారు. ఆ దృశ్యాన్ని ఫోటో తీసి చూపగలిగితే ఎంత బాగుండునన్న తలంపు తనకు నాడే కలిగిందని ఆమె తర్వాత వెల్లడించారు. 2004లో ఎ.ఎఫ్.పి.లో చేరి, అంతర్జాతీయ వార్తా సంస్థకు పనిచేసిన తొలి అఫ్ఘన్ మహిళా ఛాయాగ్రాహకురాలిగా గుర్తింపు పొందారు. పరాయి పురుషుడు అడుగు పెట్టలేని ఇళ్ళలోకి ఆమె వెళ్ళగలిగారు. ఎంత అనుభవం ఉన్నా విదేశీ ఫోటోగ్రాఫర్‌కు ఆ గడప దాటడం సాధ్యం కాదు. స్థానికులకు శిక్షణ ఎందుకన్న ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానం అక్కరలేదు.

మరొకరు మసూద్ హుసేనీ. పసితనంలోనే కుటుంబంతో ఇరాన్‌కు వలస వెళ్ళి, 2002లో తిరిగి వచ్చి 'ఆయినా'లో చేరారు. 2011 డిసెంబర్ 6న కాబూల్‌లో ఆషూరా సందర్భంగా కిక్కిరిసిన ప్రార్థనా స్థలం వద్ద ఆత్మాహుతి దాడి జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. శవాల నడుమ నిలిచి రోదిస్తున్న ఆకుపచ్చ దుస్తుల బాలికను ఆయన తీసిన ఫోటో ప్రపంచ పత్రికల మొదటి పేజీలకెక్కింది. 2012లో దానికి పులిట్జర్ బహుమతి లభించింది. పదేళ్ళ క్రితం అక్షరాలు దిద్దించినట్లు కెమెరా పట్టడం నేర్పిన బడికి ఇంతకన్న యోగ్యతాపత్రం ఏముంటుంది?

అయితే బడికి వెళ్ళకుండా ఉద్యోగంలోనే పని నేర్చుకున్నవారూ ఉన్నారు. షా మరాయ్ 1996లో ఎ.ఎఫ్.పి. కాబూల్ కార్యాలయంలో డ్రైవరుగా చేరారు. విదేశీ సిబ్బంది దేశంలో ఉండలేని రోజుల్లో, చేతికి చుట్టిన కండువాలో చిన్న కెమెరా దాచి ఫోటోలు తీసి పంపేవారు. ఎవరి దృష్టీ పడకుండా ఉండేందుకు వాటి కింద తన పేరు కూడా వేసుకోలేదు. 'స్ట్రింగర్' అని మాత్రమే ఉండేది. తర్వాతి కాలంలో అదే కార్యాలయానికి ప్రధాన ఛాయాగ్రాహకుడయ్యారు. 2018 ఏప్రిల్ 30న కాబూల్‌లో మొదటి పేలుడు వార్త సేకరించడానికి పాత్రికేయులు గుమిగూడిన చోటే రెండవ ఆత్మాహుతి దాడి జరిగింది. దుండగుడు కెమెరామన్ వేషంలో వారి మధ్యకు వచ్చాడు. మరాయ్‌తో సహా తొమ్మిది మంది పాత్రికేయులు మరణించారు.

బయటి నుంచి వచ్చినవారు సురక్షితులని దీని అర్థం కాదు. రాయిటర్స్‌కు చెందిన మన దేశ ఛాయాగ్రాహకుడు దానిష్ సిద్దిఖీ 2021 జూలై 16న కాందహార్ ప్రాంతంలోని స్పిన్ బోల్డక్ వద్ద మరణించారు. తేడా ఏమిటంటే, వచ్చినవారి చేతిలో తిరుగు టికెట్ ఉంటుంది. స్థానికుడి ఇల్లు, పిల్లలు, బంధువులు ఆ వీధిలోనే ఉంటారు.

ఈ తేడా అఫ్ఘానిస్తాన్‌కే పరిమితం కాదు. మన పొరుగునున్న ఛత్తీస్‌గఢ్‌లోనూ అదే పరిస్థితి. రాజధాని రాయపూర్ పక్కన విశాలమైన రోడ్లతో నిర్మించిన నవా రాయపూర్ సచివాలయం నుంచి బీజాపూర్ వెళ్ళాలంటే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. బస్తర్ అడవుల వార్తకు ఢిల్లీ నుంచి వచ్చే పాత్రికేయులకు దారి చూపేది, గోండీ, హల్బీ మాటలు తెలిపేది స్థానిక విలేఖరే. 2018 అక్టోబర్ 30న ఎన్నికల వార్తల సేకరణకు ఢిల్లీ నుంచి వచ్చిన దూరదర్శన్ కెమెరామన్ అచ్యుతానంద సాహు దంతెవాడ జిల్లాలో మావోయిస్టుల కాల్పుల్లో మరణించారు. బీజాపూర్‌కు చెందిన ముకేశ్ చంద్రాకర్ మాత్రం కాల్పుల మధ్య కాదు, రహదారి పనుల్లో అక్రమాలపై వార్త వెలువడిన కొద్ది రోజులకే బలయ్యారు. 2025 జనవరి 3న ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో ఆయన మృతదేహం లభించింది. వృత్తి మెళకువలు నేర్పే శిబిరాలు ఎన్ని పెట్టినా, శిబిరం ముగిశాక ఊళ్ళో మిగిలే విలేఖరికి బీమా, న్యాయ సహాయం, నిలకడైన జీతం లేకపోతే ఆ శిక్షణ అతన్ని మరింత ప్రమాదంలోకి నెట్టినట్లే అవుతుంది. ఫోటోకింతని లెక్కగట్టి చెల్లించే పద్ధతిలో ఇవేవీ ఉండవు.

కాబూల్ శిష్యుల సంగతికి వస్తే, 2021 ఆగస్టు 15న తాలిబాన్లు తిరిగి అధికారానికి వచ్చారు. హుసేనీ దేశం విడిచి వెళ్ళారు. ఆయనతో పాటు ఎందరో పాత్రికేయులు అదే బాట పట్టారు. హుసేనీ, వహీదీలతో పాటు నజీబుల్లా ముసాఫర్, వకీల్ కోసార్‌ల వృత్తి జీవితాలను చూపిన 'ఫ్రేమ్ బై ఫ్రేమ్' డాక్యుమెంటరీ 2015లో వెలువడింది. ఆరేళ్ళు తిరిగేసరికి అది గడిచిన కాలపు చిత్రమైంది.

2024 ఆగస్టులో తాలిబాన్ ప్రభుత్వం ప్రకటించిన నైతిక ప్రవర్తన చట్టంలోని 17వ అధికరణం ప్రాణుల చిత్రాల ప్రచురణను మళ్ళీ నిషేధించింది. దీన్ని క్రమక్రమంగా అమలు చేస్తామని సంబంధిత మంత్రిత్వ శాఖ ఆ అక్టోబర్‌లో తెలిపింది. తఖార్ వంటి కొన్ని రాష్ట్రాల్లో స్థానిక టీవీల్లో మనుషుల బొమ్మలు ఆగిపోయినట్లు అప్పట్లోనే వార్తలు వచ్చాయి. కాగా, తాలిబాన్ అధికారులే తమ సమావేశాల ఫోటోలు విడుదల చేస్తూ వచ్చారు.