ముందు చక్రం లేస్తే..!

చెరకు సీజన్లో ఉయ్యూరు వైపు వెళ్లేవారికి పరిచయమైన దృశ్యమే. నిండు లోడుతో కాలువ వంతెన ఎక్కుతుంటే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. చూసేవాళ్లకి వింత. డ్రైవరుకి ప్రాణసంకటం. చక్రం నేలకి ఆనకపోతే స్టీరింగు ఎంత తిప్పినా లాభంలేదు. పక్కనే కాలువ!

ఎందుకలా? ఎడ్లబండి తోలిన తాతనడగండి. సరకు ముందుకు జరిగితే ఎద్దుల మెడమీద భారం, వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది. రెండు చక్రాల ట్రక్కుదీ అదే లెక్క. ముందువైపు బరువెక్కువైతే కొక్కెం దగ్గర ట్రాక్టరు కుంగి, ముక్కు తేలిపోతుంది. మరీ వెనక వేస్తే ట్రాక్టరు పెద్దచక్రాలకు పట్టు తగ్గుతుంది.

అమెరికాలో పికప్‌ వెనక ట్రైలర్‌ తగిలించుకునే మనవాళ్లకీ ఇదే చిక్కు. ట్రైలర్‌ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెంమీద ఉండాలన్నది అక్కడి సూత్రం. తగ్గితే ట్రైలర్‌ ఊగుతుంది, పెరిగితే పికప్‌ వెనక కుంగుతుంది. అందుకే ట్రైలర్‌ 2,270 కిలోలు దాటితే ‘వెయిట్‌ డిస్ట్రిబ్యూషన్‌ హిచ్‌’ వాడమంటాయి కొన్ని పికప్‌ల మాన్యువళ్లు. అందులోని స్ప్రింగు కడ్డీలు కొంత భారాన్ని ముందు చక్రాలకూ, ట్రైలర్‌ చక్రాలకూ పంచుతాయి. అంతేగానీ బండి సామర్థ్యాన్ని పెంచవు.

మరి మన ట్రాక్టర్లకో? బంపరుమీద మనుషుల్ని కూర్చోబెట్టడం కొందరి చిట్కా. జారితే చక్రాల కిందే! దానికి బదులు ముందు ఇనుప దిమ్మలు బిగించాలి. కొక్కేన్ని కంపెనీ చూపినచోటే తగిలించాలి, ఎత్తులో కడితే ట్రాక్టరు వెనక్కి తిరగబడొచ్చు. ఆటోనగర్‌లో ట్రక్కు చేయించేటప్పుడే ఇరుసు ఎక్కడుండాలో అడగాలి. అన్నిటికన్నా ముందు... లోడు తగ్గించాలి. ఇంకో ట్రిప్పుకయ్యే డీజిలు ప్రాణంకన్నా ఖరీదు కాదుగా!