ఎంబ్రాయిడరీ ఫ్రేమ్: ఎంత పెద్దదైతే అంత మంచిదా?

ఎంబ్రాయిడరీ యంత్రం మీద గుడ్డను బిగువుగా పట్టి ఉంచే చట్రాన్ని వృత్తిలో ఉన్నవారు ఫ్రేమ్ అంటారు. చేతికుట్టుకు వాడే చిన్న గుండ్రటి చట్రానికి రింగు అన్న పేరు వాడుకలో ఉంది. రెండు వలయాల నడుమ గుడ్డను ఉంచి వెలుపలి వలయానికి ఉన్న స్క్రూ బిగించడంతో ముగిసే ఈ పని చూడటానికి తేలికగానే కనిపిస్తుంది. అయినా తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాలలో పెళ్లి జాకెట్ల మీద కంప్యూటర్ వర్కు చేసేవారికి ఎదురయ్యే చిక్కులలో చాలావరకు, అంటే పువ్వు చుట్టూ గుడ్డ ముడతలు పడటం, రేకుకూ దాని అంచు గీతకూ మధ్య సందు రావడం, దారం పదేపదే తెగడం వంటివి, ఫ్రేమ్ కొలతను ఎంచుకోవడంలో జరిగిన పొరపాటు దగ్గరే మొదలవుతాయి. ఫ్రేమ్ అంటే డిజైన్ చుట్టూ గీసిన హద్దు కాదు, గుడ్డలో బిగువును పుట్టించి నిలబెట్టే సాధనం అని గ్రహిస్తే, ఏ పనికి ఏ కొలత తగినదో తేల్చుకోవడం కష్టం కాదు.

ఈ ప్రాంతానికి గుడ్డతో ఉన్న అనుబంధం పాతది. రేపల్లెకు దక్షిణాన ఉన్న నిజాంపట్నం ఒకప్పుడు పెటపోలి పేరుతో బట్టల వర్తకానికి ప్రసిద్ధి చెందిన రేవు కాగా, ఇంగ్లీషు వర్తకులు 1611లో అక్కడ అడుగుపెట్టారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని చీరాల నేటికీ చేనేతకు పేరున్న పట్టణం. తెనాలికి ఉత్తరాన, అంత దూరం కాని చోట, మంగళగిరి నూలు నేత సాగుతోంది. నేసిన గుడ్డ గుణం తెలిసిన ఇలాంటి చోట, ఆ గుడ్డ మీద యంత్రం చేసే పనిని కూడా శాస్త్రదృష్టితో అర్థం చేసుకోవడం సముచితం.

మగ్గానికీ యంత్రానికీ ఉన్న తేడా

తెలుగునాట మగ్గం వర్కు అని పిలిచే చేతిపనిలో నాలుగు కర్రల చట్రానికి గుడ్డను దారాలతో చుట్టూ లాగి కడతారు. అక్కడ గుడ్డ కదలదు, సూది పట్టిన చేయి కదులుతుంది. బిగువు ఎక్కడ తగ్గితే అక్కడి దారాన్ని మళ్లీ లాగి సరిచేసుకోవచ్చు. అందువల్ల మగ్గం చట్రం మంచమంత పెద్దదైనా పనికి ఆటంకం ఉండదు. యంత్రంలో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. 1828లో ఫ్రాన్సులోని ముల్హౌస్ నగరంలో జోసువే హైల్‌మన్ రూపొందించిన ఎంబ్రాయిడరీ యంత్రం నాటినుంచి నేటి కంప్యూటర్ యంత్రాల వరకు వచ్చిన ప్రధాన ధోరణిలో సూది ఒకేచోట ఉండి, గుడ్డను పట్టిన చట్రమే డిజైన్ ప్రకారం అటూ ఇటూ జరుగుతుంది.

ఈ తేడా వల్ల రెండు పర్యవసానాలు కలుగుతున్నాయి. మొదటిది, యంత్రపు ఫ్రేమ్‌లో గుడ్డను కట్టే దారాలు లేవు కనుక దానిని నిలిపి ఉంచేది రెండు వలయాల నడుమ పుట్టే ఘర్షణ మాత్రమే. రెండవది, ఫ్రేమ్ ప్రతి కుట్టుకూ కదిలి ఆగవలసి ఉంటుంది కనుక దాని బరువు లెక్కలోకి వస్తుంది. నిమిషానికి 800 కుట్లు వేసే యంత్రంలో ఒక్కో కుట్టుకు దక్కే కాలం 75 మిల్లీసెకన్లు. అందులోనూ సూది గుడ్డలో నుంచి పైకి వచ్చి ఉన్న కొద్దిపాటి వ్యవధిలోనే ఫ్రేమ్ కదిలి నిలకడగా ఆగాలి. ఆగే క్షణంలో బరువైన ఫ్రేమ్ ఏ కొంచెం ఊగినా కుట్టు పడవలసిన చోట పడదు. మగ్గం మీద వరమైన పెద్ద చట్రం యంత్రం మీద భారమయ్యేది ఇందుకే.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

స్క్రూ బిగించినప్పుడు వెలుపలి వలయం, బండి చక్రానికి తొడిగిన ఇనుప కమ్మీ చక్రాన్ని నొక్కినట్లే, లోపలి వలయాన్ని అన్నివైపుల నుంచి నొక్కుతుంది. ఈ ఒత్తిడిని భౌతికశాస్త్రం ఒక సులువైన సూత్రంతో చెబుతుంది: వలయంలోని బిగువును దాని వ్యాసార్ధంతో భాగిస్తే అంచు పొడవున ప్రతి సెంటీమీటరు మీదా పడే నొక్కుడు బలం వస్తుంది. స్క్రూను ఒకే బలంతో బిగించినా, 6 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఫ్రేమ్‌లో ప్రతి సెంటీమీటరుకూ పడే బలంలో సగమే 12 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఫ్రేమ్‌లో పడుతుంది. చుట్టూ కలిపి చూస్తే మొత్తం నొక్కుడు బలం రెండింటిలోనూ సమానమే. అయితే పెద్ద ఫ్రేమ్‌లో ఆ బలం రెట్టింపు పొడవున్న అంచుకు పంచబడటంతో ఒక్కొక్క చోట దక్కే వాటా పలచబడుతుంది.

దీర్ఘచతురస్రపు ఫ్రేమ్ విషయంలో ఇదే సూత్రం మరింత స్పష్టంగా పనిచేస్తుంది. తిన్నగా ఉన్న భుజానికి వంపు లేదు కనుక స్క్రూ బిగువు వల్ల అక్కడ లోపలికి నొక్కే బలం దాదాపు పుట్టదు. పట్టంతా గుండ్రటి మూలల వద్ద చేరి, పొడవైన భుజం మధ్యభాగం బలహీనంగా మిగులుతుంది. బిగించిన దీర్ఘచతురస్రపు ఫ్రేమ్‌లో పొడవు భుజం నడుమ గుడ్డ కొసను రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి, ఆ పిమ్మట మూల దగ్గర లాగి చూస్తే, మొదటి చోట గుడ్డ జారడం, రెండవ చోట కదలకపోవడం తెలుస్తుంది. లోపలి వలయానికి నూలు నాడా చుట్టే పాత పద్ధతి వెనుక ఉన్నది కూడా శాస్త్రమే: నునుపైన ప్లాస్టిక్ కన్నా నూలు గరుకు కనుక అంతే ఒత్తిడికి ఎక్కువ ఘర్షణ లభిస్తుంది. అయస్కాంతపు ఫ్రేమ్‌లు గుడ్డను పక్కల నుంచి కాక పైనుంచి కిందికి నొక్కుతాయి కనుక వాటి పట్టు వంపు మీద ఆధారపడదు. పెద్ద కొలతలలో అవి మెరుగుగా పనిచేయడానికి కారణం అదే.

గుడ్డ నడుమ జరిగేది

నులక మంచం నడిమిభాగం కుంగినంతగా అదే నులకతో అల్లిన చిన్న పీట కుంగదు. బిగువు సమానంగా ఉన్నా ఆధారాల మధ్య దూరం పెరిగేకొద్దీ నడిమిభాగం కొద్దిపాటి బలానికే ఎక్కువ కదులుతుంది. ఎంబ్రాయిడరీలో ఆ బలం సూదిది. సూది దిగేటప్పుడు గుడ్డను కిందికి నెడుతుంది, లేచేటప్పుడు ఘర్షణ వల్ల గుడ్డను తనతోపాటు పైకి లాగుతుంది. సూది లేవడం మొదలుపెట్టగానే దాని కంటి దగ్గర దారం చిన్న ఉచ్చులా విచ్చుకోవాలి, కింద తిరిగే కొక్కెం మొన ఆ ఉచ్చులో దూరి బాబిన్ దారంతో ముడి వేయాలి. గుడ్డ వదులుగా ఉండి సూదితోపాటే లేస్తే ఉచ్చు సరిగా విచ్చుకోక కుట్టు తప్పుతుంది, లేదా దారం తెగుతుంది. సూది పక్కనే దిగే పాదం గుడ్డను కొంతవరకు అణచి ఉంచుతుంది గాని, ఫ్రేమ్ లోపాన్ని అది పూర్తిగా కప్పిపుచ్చలేదు.

దీనికి తోడు కుట్లు కూడా గుడ్డను లాగుతాయి. దగ్గర దగ్గరగా పక్కపక్కనే పడే పొడుగు కుట్లను శాటిన్ కుట్టు అంటారు. ఈ కుట్లు తమ పొడవు దిశలో గుడ్డను దగ్గరికి గుంజి, దానికి అడ్డంగా ఉన్న దిశలో బయటికి నెడతాయి. తెర మీద గుండ్రంగా గీసిన పువ్వు గుడ్డ మీద కోడిగుడ్డు ఆకారంలో తేలడానికి ఇదే కారణం. డిజైన్‌ను యంత్రానికి అర్థమయ్యే కుట్ల పట్టికగా మార్చే పనిని పంచింగ్ అంటారు. పంచింగ్ చేసేవారు ఈ గుంజుడును ముందే ఊహించి కుట్లను మిల్లీమీటరులో కొన్ని వంతులు పొడిగిస్తారు. గుడ్డ ఫ్రేమ్‌లో స్థిరంగా ఉంటుందన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలుస్తుంది కనుక, అంచు దగ్గర గుడ్డ జారిన మరుక్షణం అది తప్పుతుంది.

కొలత లెక్క

పై విషయాలన్నీ కలిపి చూస్తే ఒక నియమం తేలుతుంది: డిజైన్‌కు చుట్టూ తగినంత ఖాళీ వదిలి, ఆ మొత్తం పట్టే ఫ్రేమ్‌లలో అన్నిటికన్నా చిన్నదానిని ఎంచుకోవాలి. ఖాళీ ఒక్కో వైపు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే సాధారణంగా సరిపోతుంది. పాదం ఫ్రేమ్‌కు తగలకుండా తిరగడానికి చోటు కావాలి కనుకనే యంత్రం చూపే కుట్టు విస్తీర్ణం ఫ్రేమ్ లోపలి కొలత కన్నా తక్కువగా ఉంటుంది.

ఉదాహరణకు జాకెట్టు మీద చల్లే బుటా 6 సెంటీమీటర్ల చదరంలో పట్టేదైతే, గుండ్రటి ఫ్రేమ్‌కు లెక్కించవలసింది భుజం కాదు, కర్ణం. ఆ చదరపు కర్ణం సుమారు 8.5 సెంటీమీటర్లు; రెండువైపుల ఖాళీ కలిపితే 11.5 అవుతుంది కనుక 12 సెంటీమీటర్ల గుండ్రటి ఫ్రేమ్ చాలు. అదే బుటాను 30 సెంటీమీటర్ల చదరపు ఫ్రేమ్‌లో కుడితే పట్టు తగ్గడమే కాక ఖర్చూ పెరుగుతుంది. గుడ్డ కింద ఆధారంగా వేసే, నేయని పీచుతో చేసిన పొరను దుకాణాలలో పేపర్ అంటారు; పట్టుకు చుట్టూ 2 సెంటీమీటర్లు కలుపుకుంటే చిన్న ఫ్రేమ్‌కు 256, పెద్ద ఫ్రేమ్‌కు 1156 చదరపు సెంటీమీటర్ల పేపర్ కావాలి, అంటే నాలుగున్నర రెట్లు.

అయితే ఈ నియమానికి హద్దు ఉంది. 30 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చేతి అంచు డిజైన్‌ను చిన్న ఫ్రేమ్‌లో కుట్టాలంటే రెండు ముక్కలు చేసి గుడ్డను రెండుసార్లు బిగించవలసి వస్తుంది. రెండవసారి గుడ్డ ఒక్క డిగ్రీ వంకరగా పడినా, 15 సెంటీమీటర్ల ముక్క చివరికి వచ్చేసరికి తేడా 2.6 మిల్లీమీటర్లకు చేరుతుంది. తీగ తెగినట్లు కనిపించడానికి అంతకన్నా ఎంతో తక్కువ తేడా చాలు. అందువల్ల ఒకే తీగగా సాగే మెడ, చేతి అంచు డిజైన్‌లకు మొత్తం ఒకేసారి పట్టే పెద్ద ఫ్రేమే తగినది. దానికి కలిగే బలహీనతను మందమైన పేపర్‌తో, పొడవు భుజాల నడుమ బిగించే క్లిప్పులతో, తగ్గించిన వేగంతో పూడ్చుకోవాలి. విడివిడిగా నిలిచే బుటాలకు మాత్రం చిన్న ఫ్రేమ్‌ను మళ్లీ మళ్లీ బిగించినా నష్టం లేదు, ఎందుకంటే ఒక బుటాకూ మరొక బుటాకూ నడుమ అరమిల్లీమీటరు తేడా కంటికి ఆనదు.

గుడ్డ రకం, గాలిలో తేమ

ఏ కొలత ఫ్రేమ్ అయినా గుడ్డను బిగించేటప్పుడు పడుగు, పేక దారాలు ఫ్రేమ్ భుజాలకు సమాంతరంగా ఉండాలి. నేసిన గుడ్డ పడుగు వైపు, పేక వైపు లాగితే పెద్దగా సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. ఐమూలగా లాగి కుట్టిన గుడ్డ ఫ్రేమ్ నుంచి విడిపించగానే వెనక్కి ముడుచుకుంటుంది గాని కుట్లు ముడుచుకోవు. ఫలితం పువ్వు చుట్టూ ముడతలు. మంగళగిరి, చీరాల నూలు గుడ్డలు ఘర్షణను బాగా నిలుపుకుంటాయి కనుక పెద్ద ఫ్రేమ్‌లను కొంతవరకు సహిస్తాయి. జారుడు గుణమున్న జార్జెట్, శాటిన్, పల్చని నెట్ వంటివి సహించవు. వెల్వెట్ గుడ్డను రెండు వలయాల మధ్య నొక్కితే నూగు అణగి ఫ్రేమ్ మచ్చ మిగిలిపోతుంది కనుక, పేపర్‌ను మాత్రమే ఫ్రేమ్‌లో బిగించి గుడ్డను దాని మీద అంటించి కుట్టడం మేలు.

సూర్యలంక తీరానికి దగ్గరగా ఉన్న బాపట్లలోనూ, కృష్ణా డెల్టా పొలాల నడుమ ఉన్న రేపల్లెలోనూ గాలిలో తేమ ఎక్కువ. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు పట్టు తన పొడి బరువులో సుమారు 11 శాతం, నూలు సుమారు 8 శాతం నీటిని పీల్చుకుని ఉంటాయి. పాలియెస్టర్‌లో అది అరశాతానికి లోపే. తేమ పీల్చిన పీచు బిగువులో ఎక్కువసేపు ఉంటే మెల్లమెల్లగా సాగి బిగువును కోల్పోతుంది. ఉదయం డప్పులా మోగిన పట్టు గుడ్డ సాయంత్రానికి వదులవడానికి కారణం ఇదే కనుక, గుడ్డను కుట్టే ముందే బిగించాలి గాని రాత్రంతా ఫ్రేమ్‌లో ఉంచరాదు.

పని మొదలుపెట్టే ముందు డిజైన్‌ను కొలిచి, ఖాళీ కలిపి, ఆ మొత్తం పట్టే అతి చిన్న ఫ్రేమ్‌ను తీసుకోవడం, వాడుతున్న ఫ్రేమ్ పేరును యంత్రంలో సరిగా ఎంచుకుని డిజైన్ హద్దుల వెంట ఒకసారి ఖాళీగా తిప్పి చూడటం, అదే గుడ్డ ముక్క మీద ఒక పువ్వు కుట్టి పరీక్షించడం, ఈ మూడూ కలిపినా పది నిమిషాల పని. పట్టు జాకెట్టు ముక్క మీద ఒకసారి పడిన సూది రంధ్రం తిరిగి పూడదు. కాబట్టి ఈ వృత్తిలో ఉన్నవారు, కొత్తగా నేర్చుకుంటున్నవారు యంత్రం మీట నొక్కే ముందు ఆ పది నిమిషాలను తప్పక కేటాయించాలి.