మోటారుబండి ముందుపలక వెనుక ధ్వనులు

కారణము లేక కార్యము పుట్టదు. మోటారుబండి ముందుపలక వెనుకనుండి వింతధ్వని వినబడినంతనే మరలు విప్పుట తగదు. అది దేనితో హెచ్చి, దేనితో తగ్గుచున్నదో మొదట కనుగొనవలెను. ఒకమారు ఒక్కదానినే మార్చి చూచుట ఈ పరీక్షకు ప్రధాననియమము.

బండిని నిలిపి, ఇంజను నడచుచుండగా, గాలి వీచు పంకాను ఆపి చూడుడు. ధ్వనియు ఆగినచో, పంకారెక్కలలో ఎండుటాకు చిక్కియుండవచ్చును. లేదా బేరింగు అరిగియుండవచ్చును. వేడిని చల్లదనమును మార్చినప్పుడెల్ల టకటకమని కొట్టుకొనినచో, లోపలి గాలిత్రోవ తలుపును త్రిప్పు చిన్నమోటారుయొక్క పండ్లచక్రము విరిగినదని అనుమానింపవలెను. తీగతో తిరుగు స్పీడామీటరు గల పాతబండ్లలో, బండివేగముతోపాటు హెచ్చు కీచుధ్వని కందెన లేని తీగవలన కలుగుట కద్దు. గతుకులలో మాత్రమే గలగలలాడి, చేతితో అదిమిన నిలుచునది వదులైన బిగింపు. తాళము త్రిప్పగా ఇంజను కదలక వడివడిగా టిక్కుటిక్కుమనుట తరచుగా బ్యాటరీ బలహీనతకు గుర్తు. మలుపుదీపము వెలిగించినపుడు వినబడు టిక్కుటిక్కు మాత్రము దోషము కాదు.

బండి నడచునపుడు వినవలసివచ్చినచో, ఆ పని ప్రక్కవారిది. నడపువాని దృష్టి బాటమీదనే యుండవలెను. మరియొక హెచ్చరిక: నేటి బండ్లలో ఎయిర్‌బ్యాగు ఆ పలకలోనే దాగియుండును. అది సెకనులో 20వ వంతుకంటె తక్కువ కాలములో విచ్చుకొని ప్రాణము కాపాడును. తెలియనివాడు కదిపినచో అదే గాయపరచును. దాని తీగలకు సాధారణముగా పసుపుపచ్చని తొడుగుండును. అది కనబడినచోట చేయి చాపక, నేర్చిన మెకానిక్కును పిలువవలెను. కారణమును వెదకుట మన పని. ఎచ్చట ఆగవలెనో ఎరుగుటయు విద్యయే.